కర్నూలు సి క్యాంపులో ఆదివారం అంతర్జాతీయ న్యాయం క్లాసు: 12 వారాలు కూర్చుని వచ్చాక రాస్తున్నా

క్లాసు పేరు, సార్ పేరు ఇక్కడ రాయడం లేదు. మంచితో పాటు లోపాలు కూడా రాయాలి, వాటి కోసం సార్ పేరు నలుగురి నోళ్లలో పడడం నాకు ఇష్టం లేదు. ఆ లోపాలు నేను ముందే సార్‌కి ఎదురుగా చెప్పాను. కర్నూలులో లా చదివే పిల్లల్ని ఎవర్ని అడిగినా ఆదివారం పూట అంతర్జాతీయ న్యాయం ఎవరు చెప్తారో చెప్తారు, అంత చిన్న లోకం ఇది.

నేను మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది. పగలు ఒక అడ్వకేట్ సార్ ఆఫీసులో టైపింగ్, సాయంత్రం చదువు. మా సబ్జెక్టుల్లో అందరూ భయపడేది పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, అంటే దేశాలకు వర్తించే అంతర్జాతీయ న్యాయం. మన ఊరి కోర్టులో దాని అవసరం ఏముందని సీనియర్లు కూడా అంటారు, పరీక్షకు నాలుగు ప్రశ్నలు బట్టీ కొట్టి పాసైపోతారు. నేనూ అలాగే వెళ్దామనుకున్నాను కానీ రాయచోటిలో ఉండే మా అక్క ఫోన్ చేసి ఒక మాట అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. అది కింద చెప్తాను. ఈ క్లాసులో చేరింది మాత్రం ఆ ప్రశ్న కోసమే.

ఫీజు 4,000. పన్నెండు ఆదివారాలు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటి గంట దాకా అని చెప్తారు, ఒకటిన్నర అవుతుంది. రెండో అంతస్తులో పొడవాటి గది, ముప్పై మంది పడతారు, మా బ్యాచ్‌లో ముప్పై ఒక్క మందిమి. లిఫ్టు లేదు. రెండు ఫ్యాన్లున్నా వెనక మూడు బెంచీలకు గాలి రాదు, కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు. మే నెలలో కర్నూలు ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, నీళ్ల బాటిల్ రెండు తెచ్చుకోండి, కుదిరితే కిటికీ పక్కన కూర్చోండి. ఆడపిల్లలకు బాత్రూమ్ కింది అంతస్తులో ఉంది, తాళం చెవి పక్క షాపులో అడగాలి, ఇది నిజంగా ఇబ్బంది. పదకొండింటికి పావుగంట విరామం ఇస్తారు, సందు చివర బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి, అది తిని పైకొస్తే రెండో సగం నిద్ర రాకుండా గడుస్తుంది.

సౌకర్యాల సంగతి ఇంతే, ఇక చదువు సంగతి.

మొదటి రోజే సార్ బోర్డు మీద రెండు ప్రశ్నలు రాశారు. చేసింది ఎవరు? తప్పింది ఏ మాట? పన్నెండు వారాలూ ఆ రెండు ప్రశ్నలు బోర్డు ఎడమ మూల అలాగే ఉన్నాయి, ఎవరు తుడిచినా ఆ మూల తుడవనివ్వరు. రాజ్య బాధ్యత, అంటే ఒక దేశం తన తప్పుకు ఎప్పుడు జవాబు చెప్పాలి అనే పెద్ద చదువంతా ఈ రెండింటి మీదే నిలబడిందని ఆయన మాట. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో 59 ఆర్టికల్స్‌గా రాసిపెట్టిన దాంట్లో రెండో ఆర్టికల్ సరిగ్గా ఇదే. ఆ పని రాజ్యానికి చెందినదై ఉండాలి, ఆ పనితో రాజ్యం తన అంతర్జాతీయ బాధ్యతను ఉల్లంఘించి ఉండాలి. రెండూ కలిస్తేనే పూచీ. పుస్తకంలో ఇదే విషయం నేను రెండుసార్లు చదివాను, బుర్రకెక్కలేదు. బోర్డు మీద ఆ రెండు ప్రశ్నలు చూశాక మళ్లీ మర్చిపోలేదు.

చేసింది ఎవరు అనే దాని మీదే సార్ మూడు వారాలు ఉన్నారు. రాజ్యం అంటే మంత్రి, ముఖ్యమంత్రి, ప్రధాని అని మనం అనుకుంటాం. కాదు, కానిస్టేబుల్ రాజ్యమే, జైలరు రాజ్యమే, తీర్పు చెప్పే జడ్జి రాజ్యమే, సర్వే చేసే ఉద్యోగి రాజ్యమే. కేంద్రం చేసినా రాష్ట్రం చేసినా బయటి దేశాల ముందు అది ఒకే భారతదేశం చేసిన పని. మా చట్టం దీన్ని ఒప్పుకుంటుంది అని చెప్పి తప్పించుకోవడానికి లేదు, అది మూడో ఆర్టికల్. మా వెనక బెంచీలో రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఒకాయన కూర్చునేవారు, మనవరాలిని లా చదివించాలని ముందు తనే నేర్చుకుంటున్నారు. ఆయన లేచి అడిగారు, "సార్, పై అధికారి వద్దన్నా వినకుండా ఒకడు చేతులు చేసుకున్నాడనుకోండి, అది కూడా గవర్నమెంటు నెత్తినేనా?" అని. సార్ అవునన్నారు, యూనిఫాం ముసుగులో చేసిన పని హద్దు దాటినా రాజ్యానిదేనని ఏడో ఆర్టికల్ చూపించి, మెక్సికోలో ఒక ఫ్రెంచి వ్యక్తిని సైనికాధికారులు డబ్బు అడిగి, ఇవ్వనందుకు కాల్చి చంపిన కేర్ కేసు చెప్పారు. 1929లో తీర్పు, మెక్సికోనే బాధ్యురాలని. పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. విరామంలో నాతో, "ముప్పై రెండేళ్లు చేశానమ్మా, నేను చేసింది నాకే అంటుకుంటుంది అనుకున్నా, దేశానికి అంటుకుంటుందని ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆ ఒక్క మాటకే నా 4,000 ముట్టినట్టు అనిపించింది.

కేరళ మత్స్యకారుల కేసు మీద జరిగిన క్లాసు గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే సార్ బోధనలో బలం ఏమిటో అక్కడ తెలుస్తుంది. 2012 ఫిబ్రవరి 15న ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడ మీదున్న ఇద్దరు నౌకాదళ సైనికులు సెయింట్ ఆంటొనీ అనే చేపల పడవ మీద కాల్పులు జరిపారు, ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. సముద్రపు దొంగలు అనుకున్నామని వాళ్ల వాదన. సార్ గదిని రెండుగా చీల్చారు, కిటికీ వైపు ఇటలీ, గుమ్మం వైపు ఇండియా. నేను ఇటలీ వైపు పడ్డాను, మనసొప్పలేదు కానీ వాదించాలి కదా. అది ప్రైవేటు ఆయిల్ ట్యాంకరు కాబట్టి ఇటలీ రాజ్యానికి సంబంధం లేదని నేను మొదలుపెట్టాను. అవతలి నుంచి నంద్యాల అమ్మాయి ఒకే మాటతో పడగొట్టింది, ఓడ ప్రైవేటుదే కావచ్చు, తుపాకీ పట్టుకున్నవాడు ఎవరి జీతగాడు అని. నిజమే, సైనికుడు ఏ ఓడ ఎక్కినా రాజ్యానికి అంగమే. తర్వాత సార్ అసలు తీర్పు చెప్పారు. 2020లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఆ సైనికులకు ఇండియా కోర్టుల నుంచి రక్షణ ఉంది, వాళ్లను ఇండియా విచారించడానికి లేదు అంది. ఇది విని గుమ్మం వైపు వాళ్లంతా గొల్లుమన్నారు. అదే ట్రిబ్యునల్, సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఇండియా హక్కును ఇటలీ ఉల్లంఘించింది, ప్రాణనష్టానికి, గాయాలకు, పడవకు, పడవ వాళ్లు పడిన మానసిక బాధకు పరిహారం కట్టాల్సిందే అని కూడా చెప్పింది. 10 కోట్లు వచ్చాయి. 2021లో సుప్రీంకోర్టు, చనిపోయిన ఇద్దరి కుటుంబాలకు 4 కోట్ల చొప్పున, పడవ యజమానికి 2 కోట్లు అని చెప్పి ఇక్కడి కేసు మూసేసింది. మనిషి శిక్ష వేరు, రాజ్యం పూచీ వేరు, ఒకటి తప్పిపోయినా రెండోది నిలబడుతుంది. పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివితే ఇది జారిపోతుంది, వాదించి ఓడిపోతే మాత్రం గుర్తుంటుంది.

సార్ తీరు అంతా ఇంతే. టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ కేసును కూడా ఇలాగే రెండు ముక్కలుగా చేశారు. 1979 నవంబరు 4న విద్యార్థులు గోడలు దూకి లోపలికి పోయారు, అప్పటికి అది ఇరాన్ ప్రభుత్వం చేసిన పని కాదు, కానీ కాపాడాల్సింది కాపాడలేదు, అది ఒక తప్పు. తర్వాత ఖొమేనీ ప్రభుత్వం బాగుందని ఒప్పుకుంది, బందీలను అట్టే పెట్టమంది, ఆ క్షణం నుంచి విద్యార్థుల పని రాజ్యం పనైపోయింది. 1980లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇలాగే విడదీసి చెప్పింది. చేయడం ఒక రకం తప్పు, చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఇంకో రకం తప్పు. ఈ రెండోది మనవాళ్లకు కొత్తగా ఉంటుంది, కానీ ఎప్పుడో 1949లోనే కోర్ఫూ కాలువ కేసులో ఇది వచ్చేసింది. అల్బేనియా నీళ్లలో పేలుడు మందుపాతరలు తగిలి 44 మంది బ్రిటిష్ నావికులు చనిపోయారు, మైన్లు పెట్టింది అల్బేనియా అని రుజువు కాలేదు, అయినా తన నీళ్లలో అవి ఉన్నట్టు తెలిసి కూడా హెచ్చరించలేదు కాబట్టి పూచీ పడింది.

ఇప్పుడు ఏడో వారం. ఈ రివ్యూ రాయాలనిపించిందే ఈ వారం వల్ల.

ఆ రోజు సార్ ముందు హోండురాస్ కేసు చెప్పారు. 1981లో వెలాస్కెజ్ అనే విద్యార్థిని ఎత్తుకెళ్లారు, మళ్లీ కనపడలేదు. 1988లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు ఏమందంటే, ఎత్తుకెళ్లింది ఫలానావాడే అని తేలకపోయినా సరే, అలాంటిది జరక్కుండా శ్రద్ధగా ఆపడం, జరిగితే శ్రద్ధగా విచారించడం రాజ్యం పని, అది చేయలేదంటే హక్కును రాజ్యమే ఉల్లంఘించినట్టు. అందరం రాసుకున్నాం. తర్వాత సార్ చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద గీతలు గీయడం మొదలుపెట్టారు, ఒక ప్రహరీ, ఒక గేటు, వరసగా గదులు. ఒక గదిలో 7 అని వేశారు. "ఇది హోండురాస్ కాదు నాయనా, మన కోయిలకుంట్ల" అన్నారు.

నాకు ఒళ్లు జలదరించింది. మా అవ్వది కోయిలకుంట్ల. ఇప్పుడది నంద్యాల జిల్లా, అప్పుడు కర్నూలు జిల్లానే. సబ్ జైలు మీద బాంబులు పడిన రాత్రి అని మా ఇంట్లో అనేవాళ్లు, నాకది పాత ఫ్యాక్షన్ కథల్లో ఒకటి. అది లా పుస్తకాల్లో ఉందని, సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని ఆ రోజు దాకా నాకు తెలియదు. 1977 మే 5వ తేదీ దాటిన రాత్రి, తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో కొందరు సబ్ జైల్లోకి జొరబడి ఏడో నంబరు గది మీద బాంబులు విసిరారు. లోపల రిమాండులో ఉన్న తండ్రీ కొడుకుల్లో తండ్రి చల్లా చిన్నపరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. మాకు ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నారు, కాపలా సరిగా పెట్టలేదు. కుటుంబం నష్టపరిహారానికి దావా వేసింది. కింది కోర్టు కొట్టేసింది. జైలు నడపడం సార్వభౌమ అధికారంతో చేసే పని, దానికి ప్రభుత్వం మీద దావా కుదరదని ప్రభుత్వం వాదన. హైకోర్టు ఒప్పుకోలేదు, 1,44,000 రూపాయలు వడ్డీతో కట్టమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది, 2000లో అక్కడా ఓడిపోయింది. ఖైదీ కూడా మనిషే, ప్రాణానికి ఉన్న హక్కు జైలు గేటు దగ్గర ఆగిపోదు, ప్రాథమిక హక్కు పోయినచోట సార్వభౌమాధికారం అడ్డం పెట్టుకోవడానికి లేదు అని.

బాంబు విసిరింది ప్రభుత్వం కాదు. అయినా పూచీ ప్రభుత్వానిది. ఒకరి చేతికి సంకెళ్లు వేసి గదిలో పెట్టి తాళం వేశాక, వాళ్లు పారిపోలేరు, తిరగబడలేరు, వాళ్ల ప్రాణం తాళం చెవి ఉన్నవాడి చేతిలో ఉంటుంది. సార్ ఈ మాట చెప్పి బోర్డు మీద ఆ ఏడో గదిని చాక్‌పీసుతో అలా చుట్టూ దిద్దుతూ ఉండిపోయారు. రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారు నోట్‌బుక్ మూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం అవ్వకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, లక్షా నలభై నాలుగు వేలు, ఇరవై మూడేళ్లు అని. "అన్నేళ్లా" అంది, అంతే.

ఒడిశాలో లాకప్‌లో చనిపోయిన కుర్రాడి తల్లి నీలబతి బెహరా కేసు, 1993, కూడా అదే రోజు చెప్పారు. ఆమె రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది, లక్షా యాభై వేలు ఇప్పించింది, తీర్పులో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక తొమ్మిదో ఆర్టికల్‌ను ఎత్తి చూపింది. మనదేశం ఆ ఒడంబడికలో 1979 ఏప్రిల్ 10న చేరింది, చేరేటప్పుడు అక్రమ నిర్బంధానికి పరిహారం అనే ముక్క మాకు వర్తించదని షరతు పెట్టుకుంది, ఆ షరతుకు ఇప్పుడు అర్థం లేదని తర్వాత కస్టడీ మరణాల మీద వచ్చిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అంతర్జాతీయ న్యాయం మన ఊరి కోర్టులో దేనికి అనే సీనియర్లకు చూపించడానికి ఈ కేసులు చాలు. నేను మా ఆఫీసులో చూపించాను, మా అడ్వకేట్ సార్ చదివి ఆ జెరాక్సు తన దగ్గరే ఉంచుకున్నారు.

ఇక లోపాలు.

మొదటిది నోట్సు. ఫీజులోనే స్పైరల్ బైండింగ్ నోట్సు ఇస్తారు, 140 పేజీలు, తెలుగులో. తెలుగులో ఇంత విషయం ఒకచోట ఉండడమే గొప్ప, కాదనను. కానీ ఒకచోట రాజ్య బాధ్యత, ఇంకోచోట రాజ్యపు పూచీ, మరోచోట ప్రభుత్వ జవాబుదారీ, మూడూ ఒకటేనా వేరువేరా అని కొత్తవాళ్లు తికమకపడతారు. దానికంటే పెద్ద పొరపాటు, 2001 నాటి ఆ 59 ఆర్టికల్స్‌ను దేశాలు సంతకం పెట్టిన ఒప్పందం అని 31వ పేజీలో అచ్చు వేశారు. అది ఒప్పందం కాదు. న్యాయ కమిషన్ తయారు చేసింది, ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 2001 డిసెంబరు 12న 56/83 తీర్మానంలో దాన్ని గమనంలోకి తీసుకుంది, అంతవరకే. కోర్టులు దాన్ని వాడుకుంటున్నాయంటే అందులో చాలా భాగం ఆనవాయితీగా వచ్చిన న్యాయం కాబట్టి. పరీక్షలో ఇది ఒప్పందం అని రాస్తే మార్కులు పోతాయి. నేను క్లాసయ్యాక వెళ్లి చెప్పాను. సార్ పుస్తకం తెరిచి చూసుకుని, "నా తప్పేనమ్మా" అని, తర్వాతి వారం ముప్పై ఒక్క మంది నోట్సూ తెప్పించుకుని ఒక్కొక్కదాంట్లో ఆ లైను ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన సరిచేసి రాసిచ్చారు. నా కాపీలో ఆ ఎర్ర గీత ఇప్పటికీ ఉంది. పొరపాటు ఉందని ఎంత గట్టిగా చెప్తున్నానో, దిద్దిన తీరు కూడా అంతే గట్టిగా చెప్పాలి.

రెండోది పరీక్షల సంగతి. బయట ఫ్లెక్సీ మీద జూనియర్ సివిల్ జడ్జి, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష), లా సెమిస్టర్ అన్నిటికీ అని వేశారు. ఆబ్జెక్టివ్ ప్రశ్నల ప్రాక్టీసు మాత్రం పన్నెండు వారాల్లో ఒక్కసారే. నెట్ కోసమే వచ్చే వాళ్లకు ఈ క్లాసు సరిపోదు, విషయం లోతుగా వస్తుంది కానీ స్పీడు రాదు. రికార్డింగులు ఉండవు, ఒక ఆదివారం తప్పితే అది పోయినట్టే. మధ్యలో మానేసిన ఇద్దరికి సగం ఫీజు తిరిగిచ్చారు, అది నిజాయితీగా జరిగింది.

మూడోది అసలైన లోపం. ఫ్లెక్సీ మీద రెండు మాటలున్నాయి, రాజ్య బాధ్యత, మానవ హక్కులు. మొదటిదానికి తొమ్మిది వారాలు, రెండోదానికి మూడు. నికరాగ్వా కేసులో తిరుగుబాటుదారుల మీద అమెరికాకు ఎంత పట్టు ఉంటే వాళ్లు చేసింది అమెరికా పని అవుతుంది, యుగోస్లావియా యుద్ధ నేరాల కోర్టు టాడిచ్ కేసులో ఆ కొలత ఎంత మారింది, 2007లో బోస్నియా కేసులో మళ్లీ ఎటు పోయింది అని రెండు పూర్తి ఆదివారాలు. బాగుంది, వినసొంపుగా ఉంది, కానీ ఒక మామూలు మనిషి హక్కు పోతే తలుపు ఎక్కడ తట్టాలి అనే దానికి చివర్లో ఇరవై నిమిషాలు మిగిలాయి. 2021లో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆఫీసు మన కర్నూలులోనే పెట్టారు, అక్కడ ఎవరైనా సొంతంగా ఫిర్యాదు ఇవ్వచ్చని, ఘటన జరిగిన ఏడాది లోపే ఇవ్వాలని, కమిషన్ చెప్పేది సిఫారసు మాత్రమేనని, ఇవన్నీ 1993 మానవ హక్కుల రక్షణ చట్టంలో ఉన్నాయని నేను ఇంటికొచ్చి చట్టం చదువుకుంటే తెలిసింది. పైన చెప్పిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికకు అనుబంధంగా ఉన్న ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మనదేశం చేరలేదు కాబట్టి ఇక్కడి మనిషి జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి సొంతంగా ఫిర్యాదు చేయలేడు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టాం, దానికి కట్టుబడతామని ధృవీకరణ ఇంకా చేయలేదు. ఇవి సార్ గబగబా చెప్పి పేజీ తిప్పేశారు. లాకప్ మరణాల గురించి కన్నీళ్లు వచ్చేలా చెప్పిన మనిషి ఇక్కడ ఆగాల్సింది.

మా అక్క ప్రశ్న కూడా ఇక్కడిదే. మా బావ కువైట్‌లో డ్రైవరు. రాయచోటి, రాజంపేట, కడప వైపు ఇంటికొకరు అక్కడే ఉంటారు, అందరికీ తెలిసిందే. యజమాని బావ పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు, సెలవు అడిగితే ఇవ్వడు, రెండు నెలల జీతం ఆపాడు. "నువ్వు లా చదువుతున్నావు కదా, మన గవర్నమెంటు కువైట్ గవర్నమెంటును అడగదా?" అని అక్క అడిగింది. నాకు అప్పుడు నోట మాట రాలేదు. పదో వారం నేను లేచి ఇదే అడిగాను. సార్ పేరు అడగలేదు, ఎవరమ్మా అనలేదు, బోర్డు మూలనున్న రెండు ప్రశ్నలు చూపించి నన్నే చెప్పమన్నారు.

చేసింది ఎవరు? యజమాని. ప్రైవేటు మనిషి, కువైట్ రాజ్యం కాదు. కాబట్టి నేరుగా కువైట్ మీద పడదు. కానీ అక్కడి అధికారులకు ఫిర్యాదు ఇచ్చాక కూడా వాళ్లు పట్టించుకోకపోతే, అప్పుడు పట్టించుకోకపోవడం అనేది రాజ్యం పని అవుతుంది. తప్పింది ఏ మాట? వలస కార్మికుల కోసం 1990లో ఒక అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, అధికారం ఉన్న ప్రభుత్వ ఉద్యోగి తప్ప ఇంకెవరూ కార్మికుడి గుర్తింపు కాగితాలు లాక్కోకూడదని అందులో స్పష్టంగా ఉంది. అందులో కువైట్ లేదు, ఇండియా కూడా లేదు. ఈ మాట వినగానే నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఇంతమందిని పంపే దేశం ఆ కాగితం మీద ఎందుకు లేదు?

ఇక మన ప్రభుత్వం అడగడం గురించి. ఒక దేశం తన పౌరుడి తరఫున ఇంకో దేశాన్ని నిలదీయడాన్ని దౌత్య రక్షణ అంటారు, అది దేశం హక్కు, పౌరుడి హక్కు కాదు, అడగాలో వద్దో దేశమే నిర్ణయించుకుంటుంది. అడిగే ముందు అక్కడి కోర్టుల్లో, లేబర్ ఆఫీసుల్లో ఉన్న దారులన్నీ వాడి చూసి ఉండాలి. సార్ ఇక్కడ మన నౌకాదళ మాజీ అధికారి కుల్‌భూషణ్ జాదవ్ కేసు తెచ్చారు. 2016 మార్చిలో పాకిస్తాన్ ఆయన్ని అరెస్టు చేసి మూడు వారాల తర్వాత మనకు చెప్పింది, మన కాన్సులర్ అధికారుల్ని కలవనివ్వలేదు, సైనిక కోర్టు ఉరిశిక్ష వేసింది. 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానం 15-1 తో, వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ ఆర్టికల్ ఉల్లంఘించారు అంది. విడుదల చేయమనలేదు, శిక్ష రద్దు చేయలేదు, సరైన పునఃసమీక్ష జరిపించాలి, అప్పటిదాకా ఉరి ఆపాలి అంది. అంత పెద్ద కోర్టు కూడా తన ముందున్న ఒప్పందం హద్దులోనే మాట్లాడగలదు. మీ బావ జైల్లో లేడు కాబట్టి 36వ ఆర్టికల్‌లో అరెస్టయినవాళ్ల గురించి ఉన్న ముక్క ఇక్కడికి రాదమ్మా, కానీ ఎంబసీకి వెళ్లే దారి ఉంది అని చెప్పి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలో విరామంలో నా ఫోన్లోనే చూపించారు. ఏమేం జతచేయాలో కూడా చెప్పారు, వీసా కాపీ, ఒప్పంద పత్రం, జీతం పడిన ఆఖరి నెల బ్యాంకు మెసేజీ.

ఆ విరామం అంతా సార్ నాకే కేటాయించారు, దానికి నేను రుణపడి ఉంటాను. నా బాధ ఏమిటంటే అది విరామంలో, ఒక్కదాని ఫోన్లో జరిగింది. గదిలో ఇంకో ఐదుగురి ఇళ్లలో గల్ఫ్‌లో మనుషులున్నారు, తర్వాత వాళ్లు నన్ను అడిగి రాసుకున్నారు. అదే బోర్డు మీద, అందరికీ, ఒక పూర్తి ఆదివారం చెప్పాల్సిన పాఠం. సార్‌కి ఇదే చెప్పాను, నికరాగ్వాకు ఒక వారం తగ్గించి దీనికి ఇవ్వమని. చూస్తానన్నారు.

ఎవరు చేరొచ్చు అంటే, లా సెమిస్టర్ పిల్లలు కళ్లు మూసుకుని చేరండి. గ్రూప్స్, సివిల్స్ వాళ్లు తీర్పుల్ని వాదించి నేర్చుకోవాలనుకుంటే చేరండి. నెట్ మాత్రమే కావాలంటే వేరే చోటు చూసుకోండి. నోట్సు తీసుకోగానే 31వ పేజీ ఒకసారి చూడండి, దిద్దకపోతే దిద్దించుకోండి. అయిదుకు నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటి బాత్రూమ్ కోసమో ఫ్యాన్ల కోసమో కాదు, ఆ చివరి మూడు వారాల కోసం తగ్గించాను.

దసరా తర్వాత కొత్త బ్యాచ్ అంటున్నారు. మదద్‌లో మా ఫిర్యాదుకు నంబరు వచ్చింది, తొమ్మిదో రోజు ఎంబసీ నుంచి బావకు ఫోన్ వచ్చింది, లేబర్ ఆఫీసుకు రమ్మన్నారట, వచ్చే గురువారం వెళ్తున్నాడు. బ్యాంకు మెసేజీలు ప్రింటు తీసి పంపమంటే నిన్న రాత్రి మా ఆఫీసులో కూర్చుని తేదీలవారీగా ఒక వరసలో పెట్టి పంపాను.